మజరోన్ సొరచేప

తెల్లవారుజామున నాలుగున్నరకు వుడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్ దగ్గర అన్నిటికంటే ముందు వినబడేది బైకుల రొద. జొహోర్ బారు నుంచి కాజ్‌వే దాటి సింగపూర్‌కు పనికి వచ్చే మలేషియా వాళ్లు వానకోట్లు తొడుక్కుని బారులు తీరి ఉంటారు. ఎక్కువగా చిన్న ఇంజన్ల ‘కాప్‌చాయ్’లే. వాటి మీద స్టిక్కర్లు మాత్రం రేసు వీరులవి: రోసీ 46, మార్కెజ్ 93. ఈమధ్య అక్కడక్కడా 37 కూడా చూస్తున్నాను. అది బైక్ రేసర్ పెడ్రో అకోస్టా నంబరు.

అకోస్టా 2004 మే 25న పుట్టాడు. స్పెయిన్ ఆగ్నేయ తీరంలోని మజరోన్ అతని ఊరు. వాళ్లది చేపలవేట మీద బతికిన కుటుంబం. అందుకే ‘మజరోన్ సొరచేప’ అన్న పేరు అతనికి అతికినట్టు సరిపోయింది. మన ఉప్పాడలోనో భీమిలిలోనో వేటకెళ్లే ఇంటి పిల్లాడు ప్రపంచ విజేత అయితే ఊరు ఎలా ఊగిపోతుందో, మజరోన్ అలా ఊగిపోయింది.

2021 ఏప్రిల్, ఖతార్. పదహారేళ్ల అకోస్టాకు మోటో3 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అది రెండో రేసు. ప్రాక్టీసులో ట్రాక్ మీద నెమ్మదిగా తచ్చాడినందుకు అతన్నీ మరికొందరినీ పిట్ లేన్ నుంచి బయల్దేరమన్నారు. అంటే మిగతావాళ్లంతా వెళ్లిపోయాకే వీళ్లకు దారి. మోటో3 బండ్లు చిన్నవి. ముందువాడు చీల్చిన గాలిలో దూరితేనే వేగం అందుతుంది. గుంపు దూరమైతే ఆశ వదులుకోవాల్సిందే. అకోస్టా ఆ గుంపును అందుకున్నాడు, ఒక్కొక్కరినీ దాటాడు, గెలిచాడు. ఆ రేసు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ ఏడాది టైటిల్ కూడా అతనిదే.

మరుసటి ఏడాది, మోటో3కీ అన్నిటికంటే పైదైన మోటోజీపీకీ మధ్య మెట్టయిన మోటో2కి వెళ్లాడు. సాధన చేస్తూ పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. 2023 సెప్టెంబరులో మన బుద్ధ్ సర్క్యూట్‌లో మోటో2 రేసు గెలిచాడు. నవంబరు 12న మలేషియాలోని సెపాంగ్‌లో రెండో స్థానంతోనే టైటిల్ ఖాయం చేసుకున్నాడు. ఆ రోజు దీపావళి. పొద్దున తలంట్లు ముగించి, మధ్యాహ్నం అరిసెల పళ్లెం ముందు పెట్టుకుని టీవీకి అతుక్కుపోయాం.

ఇక్కడ సింగపూర్‌లో, మా బ్లాకులో ఒక గుంటూరు కుర్రాడున్నాడు. ఇక్కడి డ్రైవింగ్ సెంటర్‌లో 2బి లైసెన్సు తీసుకున్నాడు. అది 200 సీసీ వరకే. 400 సీసీ వరకు నడపాలంటే 2ఏ, ఆ పైన క్లాస్ 2. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏడాదైనా ఆగాలి. “పెడ్రో మోటో3 నుంచి మోటోజీపీకి మూడేళ్లలో వెళ్లాడు కదన్నా, నేనూ వెళ్తా” అంటాడు.

2024లో మోటోజీపీలో అడుగుపెట్టిన అకోస్టా రెండో రేసులోనే మూడో స్థానంలో నిలిచాడు. తర్వాత పోడియంలు వచ్చాయి కానీ, 2024, 2025 సీజన్లలో ఆదివారం రేసు ఒక్కటీ గెలవలేదు. 2025 అక్టోబరులో సెపాంగ్‌లో అలెక్స్ మార్కెజ్ వెనక రెండో స్థానం. అయినా ఇక్కడివాళ్లకు అతని మీద మమకారం తగ్గలేదు. వెనక పడ్డవాడు వేళ దాటకుండా ముందుకు చేరడమెంత కష్టమో కాజ్‌వే మీద రోజూ బండి నడిపేవాళ్లకు ఒకరు చెప్పాలా?

వుడ్‌ల్యాండ్స్ నుంచి సెపాంగ్ సుమారు 300 కిలోమీటర్లు. మలేషియా హైవే మీద బైకులకు టోలు లేదు. రేసు చూసి రాత్రికి రాత్రే తిరిగొచ్చిన కొందరు, సోమవారం నాలుగున్నరకల్లా ఎర్రబడ్డ కళ్లతో మళ్లీ ఆ వరసలోనే ఉంటారు.