వార్త వచ్చింది... విచారించామా?

"ఫోనులో వచ్చిందంటే నిజమే అయి ఉంటుంది!" శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో మనం తరచు వింటున్న మాట ఇది.

2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వ్యాపించాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో యాచనకు వచ్చిన ఒక హిజ్రాను ఆ అనుమానంతోనే జనం కొట్టి చంపారు. అది రంజాన్ మాసం! దానమిచ్చే నెలలో ప్రాణం తీశారు.

నమ్మదగనివాడు వార్త తెస్తే ముందు విచారించమని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తోంది.

ఆ ఏడాది జూలైలో, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి ప్రకటించింది. అయితే అబద్ధం పాకడానికి ఒక్క చోటు చాలు. ఎవరు చూశారు? ఎప్పుడు? ఎక్కడ? వీటికి జవాబు దొరకని వార్త మన దగ్గరే ఆగిపోవాలి.