సముద్ర ప్రతిధ్వనులతో వాతావరణ వక్రీభవన అంచనా

సముద్రపు అలల నుండి తిరిగివచ్చే రాడార్ ప్రతిధ్వనుల బలాన్ని బట్టి, నీటిపైనున్న గాలి రేడియో తరంగాలను ఎంతగా వంచుతున్నదో లెక్కగట్టే విధానమే సముద్ర ప్రతిధ్వనులతో వాతావరణ వక్రీభవన అంచనా. దీనిని ఆంగ్లంలో "రిఫ్రాక్టివిటీ ఫ్రం క్లట్టర్" అంటారు. ఓడలను, విమానాలను గుర్తించవలసిన రాడార్‌కు అలల ప్రతిధ్వని అడ్డంకి. కనుక దానిని వడగట్టి తొలగించడం ఆనవాయితీ. ఈ విధానంలో ఆ తొలగించే భాగమే కొలతకు ఆధారమవుతుంది.

వక్రీభవనం
సముద్రమట్టం వద్ద గాలి వక్రీభవన గుణకం సుమారు 1.0003. ఇందులోనుండి 1 తీసివేసి, మిగిలినదానిని పది లక్షలతో హెచ్చవేయగా వచ్చే సంఖ్యను "ఎన్" అనే అక్షరంతో సూచిస్తారు. ఇది పీడనం, ఉష్ణోగ్రత, తేమలను బట్టి మారుతుంది. సాధారణంగా పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 39 చొప్పున తగ్గుతుంది. అందువలన రాడార్ కిరణం కొద్దిగా క్రిందికి వంగి, కంటికి కనిపించే దిగంతం కంటే కొంత దూరం పోగలదు. ఈ తగ్గుదల కిలోమీటరుకు 157ను మించినచో కిరణపు వంపు భూమి వంపును మించిపోతుంది. అప్పుడు తరంగాలు ఒక పొరలో చిక్కుకొని, గొట్టంలో నీరు పారినట్లు దూరప్రయాణం చేస్తాయి. ఈ పొరను నాళం (డక్ట్) అంటారు.

నాళాలలో రకాలు
* బాష్పీభవన నాళం: నీటిని తాకి ఉన్న గాలిలో తేమ నిండుగా ఉండి, ఆ పైన వేగంగా తగ్గడం వలన ఏర్పడుతుంది. దీని ఎత్తు సాధారణంగా 40 మీటర్లకు లోపే.
* ఉపరితల నాళం: భూభాగం నుండి వీచే వేడి, పొడి గాలి తేమగల సముద్రపు గాలిపైకి చేరినప్పుడు ఏర్పడుతుంది. దీని ఎత్తు వందల మీటర్లు ఉండవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయిలోని ఒక రాడార్‌కు వేయి మైళ్ళకు పైగా దూరాన ఉన్న అరేబియా తీరపు ప్రతిధ్వనులు అందడానికి ఇటువంటి నాళమే కారణం.

తెలుసుకోవలసిన అవసరం
నాళం వలన దూరపు ఓడ కనబడవచ్చు. అదే సమయంలో నాళానికి పైభాగాన తరంగబలం తగ్గి, అక్కడ ఎగిరే విమానం దగ్గరలోనే ఉన్నా కనబడకపోవచ్చు. కాబట్టి రాడార్ పరిధి యంత్రాన్ని బట్టే కాక, ఆనాటి గాలిని బట్టి కూడా ఉంటుంది. వాతావరణ బెలూన్ ఒక చోట, ఒక వేళ ఉన్న స్థితిని మాత్రమే తెలుపుతుంది. పైగా నీటిని ఆనుకొని ఉన్న కొద్ది మీటర్లను క్షణాలలో దాటిపోతుంది. రాడార్ ప్రతిధ్వనులైతే అన్ని దిక్కుల నుండి ఎడతెగక వస్తూనే ఉంటాయి.

గణన పద్ధతి
నాళం లేనప్పుడు అలల ప్రతిధ్వని దిగంతం దాటగానే వేగంగా క్షీణిస్తుంది. బాష్పీభవన నాళం ఉన్నప్పుడు నెమ్మదిగా తగ్గుతుంది. ఉపరితల నాళంలో తరంగాలు వంగి మళ్ళీ నీటిని తాకే దూరాలలో ప్రతిధ్వని బలపడి, రాడార్ తెరపై వలయాలుగా కనబడుతుంది.
లెక్క ఈ క్రమంలో సాగుతుంది:
1. దూరాన్ని బట్టి ప్రతిధ్వని బలం ఎలా మారుతున్నదో కొలుస్తారు.
2. నాళం ఎత్తు, బలం వంటి విలువలను ఊహిస్తారు.
3. ఆ గాలిలో తరంగాలు ఎలా ప్రయాణిస్తాయో పరావలయ సమీకరణంతో గణించి, రావలసిన ప్రతిధ్వనిని కనుగొంటారు.
4. రెండూ సరిపోలేవరకు ఊహించిన విలువలను మారుస్తారు. ఇందుకు జన్యు అల్గారిథం వంటివి వాడతారు.

ఫలితం నుండి కారణాన్ని రాబట్టే ఇటువంటి లెక్కలను విలోమ సమస్యలు అంటారు.

ప్రయోగాలు
1998లో అమెరికాలోని వర్జీనియా తీరాన, వాలప్స్ ద్వీపం వద్ద 2.84 గిగాహెర్ట్జ్ రాడార్‌తో సముద్ర ప్రతిధ్వనులను నమోదు చేశారు. అదే సమయంలో హెలికాప్టర్‌తో గాలి స్థితిని నేరుగా కొలిచారు. రోజర్స్, హాటన్, స్టేపుల్టన్ 2000లో బాష్పీభవన నాళపు ఎత్తును రాబట్టే పద్ధతిని ప్రచురించారు. వాలప్స్ వివరాలతో గెర్‌స్టాఫ్ట్, రోజర్స్, క్రోలిక్, హాడ్జ్‌కిస్ ఉపరితల నాళాలపై చేసిన పరిశోధన 2003లో వెలువడింది.

పరిమితులు
* వేర్వేరు గాలి స్థితులు దాదాపు ఒకే రకమైన ప్రతిధ్వనిని ఇవ్వవచ్చు.
* అలల గరుకుదనం గాలివేగాన్ని బట్టి మారుతుంది. ప్రతిధ్వని పెరగడానికి కారణం నాళమా, అలలా అన్నది విడదీయడం కష్టం.
* సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు ప్రతిధ్వని బలహీనమై, దూరపు సమాచారం దొరకదు.
* వాన, ఓడలు, నేల నుండి వచ్చే ప్రతిధ్వనులను ముందుగా వేరుచేయాలి.

అందువలన ఈ అంచనాను వాతావరణ నమూనాలతో, ఇతర కొలతలతో కలిపి వాడడం మేలు.

ఇవి కూడా చూడండి
* రాడార్
* వక్రీభవనం
* ఎండమావి