వార్తల్లో పదం: న్యూరోమస్క్యులర్ స్కోలియోసిస్

సెరిబ్రల్ పాల్సీ, డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ వంటి జబ్బులున్న పిల్లల్లో వెన్నెముకను నిలబెట్టే కండరాలు పట్టు తప్పి, వెన్ను పక్కకు వంగిపోతుంది. ఇదే న్యూరోమస్క్యులర్ స్కోలియోసిస్. వంపు ముదిరితే బిడ్డ కుర్చీలో కూడా నిటారుగా కూర్చోలేదు. ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. అప్పుడు ఆపరేషన్ చేసి లోహపు కడ్డీలు, స్క్రూలు బిగించి వెన్నును సరిచేస్తారు.

అసలు గండం చాలాసార్లు ఆపరేషన్ తర్వాతి రోజుల్లోనే. గంటల తరబడి మత్తు, రక్తస్రావం, నొప్పి కలిసి ముందే నీరసించిన శ్వాస కండరాలను మరింత కుంగదీస్తాయి. ఇతర పిల్లలు గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తెస్తారు. వీళ్లకు ఆ బలమే ఉండదు. కఫం పేరుకుని ఊపిరితిత్తిలో కొంత భాగం ముడుచుకుపోవచ్చు, న్యుమోనియా రావచ్చు, వెంటిలేటర్ తీయడం ఆలస్యం కావచ్చు. మింగడం కష్టమైన పిల్లలకు లాలాజలం శ్వాసనాళంలోకి జారే ప్రమాదం అదనం. మార్ఫిన్ రకం మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, నొప్పిని వదిలేస్తే బిడ్డ లోతుగా శ్వాస తీయలేదు. ఈ తూకం నిజంగా కష్టమైనది.

అందుకే ఆపరేషన్‌కు ముందే ఊపిరితిత్తుల సామర్థ్యం కొలవాలి. పరీక్ష గొట్టంలోకి ఊదలేని పిల్లలకు నిద్రలో శ్వాసను పరీక్షిస్తారు. బరువు, పోషణ సరిచూడాలి. అవసరమయ్యే పిల్లలకు ఊపిరికి తోడ్పడే బైపాప్ మాస్కు, దగ్గించే యంత్రం ఇంట్లోనే అలవాటు చేయాలి. కొత్త మాస్కును ఐసీయూలో, అంత నొప్పిలో మొదటిసారి తొడిగితే ఏ బిడ్డ ఒప్పుకుంటుంది? ఆసుపత్రిలో పిల్లల ఐసీయూ, శ్వాస ఫిజియోథెరపీ ఉన్నాయా అని తల్లిదండ్రులు మొహమాటపడకుండా ముందే అడగాలి.