దుంగ వద్దకు వచ్చు రంపము

కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నల్లమలవంటి అడవులు లేవు. పొలము గట్టున తుమ్మ, ఇంటిముందు వేప, ఊరి వెలుపల చింత - ఇక్కడి వడ్రంగికి ఇవియే ఆధారము. గొర్రు, గుంటక, బండిచక్రము ఇట్టి కర్రతోనే తయారైనవి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో మగ్గపు చట్రమునకును వంకరపోని కర్రయే కావలెను. అయినను గాలివానకు కూలిన వేపచెట్టు చాలసార్లు ముక్కలై, వంటచెరకుగా పొయ్యిలోనికే పోవును. దీనికి ముఖ్యకారణము దుంగ బరువు.

40 సెంటీమీటర్ల వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల దుంగ ఘనపరిమాణము 0.314 ఘనమీటరు. పచ్చికర్ర ఇంచుమించు నీటియంత బరువుండునని అనుకొన్నచో ఇది 300 కిలోగ్రాములకు మించును. దీనిని బండికెత్తి పట్టణపు కోతమిల్లుకు చేర్చు ఖర్చు కర్ర వెలనే మ్రింగివేయును. పూర్వము పైనొకరు, క్రిందనొకరు నిలిచి పెద్ద రంపముతో దుంగ ఉన్నచోటనే కోసెడివారు. తరలించు రంపపు యంత్రము చేయునదియు అదియే. దుంగ కదలదు, రంపమే దానిమీద నడచును.

ఈ యంత్రములలో ఒక రకము గొలుసు రంపమునకు చట్రము బిగించినది. ఇది చౌక, చేతితో మోయవచ్చును. మరియొకటి పట్టీ రంపము. జిన్నింగు మిల్లులో చక్రములపై బెల్టు తిరిగినట్లు, పళ్లుగల సన్నని ఉక్కుపట్టీ రెండు చక్రములపై తిరుగును. ఆ చక్రములు గల బండి రెండు పట్టాలపై దుంగ పొడవునా సాగును. గాటు వెడల్పులోనే అసలు భేదమున్నది. గొలుసు ప్రతి కోతకు సుమారు 8 మిల్లీమీటర్ల కర్రను పొట్టు చేయును. పట్టీ సుమారు 2 మిల్లీమీటర్లే. పై దుంగనుండి 28 సెంటీమీటర్ల చదరపు దిమ్మెను తీసి, 25 మిల్లీమీటర్ల పలకలుగా కోసినచో పట్టీ రంపమునకు 10, గొలుసు రంపమునకు 8 పలకలు వచ్చును. విద్యార్థులు ఈ లెక్కను వేసి చూడవచ్చును. పలకల మధ్య గాట్లు పలకలకన్న ఒకటి తక్కువ అని మరువరాదు.

కోతకు ముందు దుంగను పరీక్షింపవలెను. వీధిలోని వేపకు మేకు కొట్టని వారుండరు. చెట్టు లావెక్కిన కొలది మేకు కర్రలో మునిగిపోవును గాని పైకి పోదు. ఏలయన చెట్టు కొనల వద్దనే పొడుగగును. ఒకసారి ఏర్పడిన మ్రాను నిలువున సాగదు. ఇరువది ఏండ్ల క్రిందట మనిషి ఎత్తున కొట్టిన మేకు నేడును ఆ ఎత్తుననే యుండును. కనుక మొదలు నుండి రెండు మీటర్ల భాగమును తప్పక అనుమానింపవలెను. తుమ్మలో మరియొక ఆనవాలు కలదు. అందలి టానిన్ ఇనుముతో కలిసి సిరావంటి నల్లని మచ్చ నిచ్చును. కోసిన కొనపై అట్టి మచ్చ కనిపించినచో లోపల ఇనుమున్నదేమో వెదకవలెను. వేగముగా తిరుగు పట్టీ మేకుకు తగిలి తెగినచో పోవునది రంపము మాత్రమే కాదు. కోయువాడు కంటికి అద్దములు, చెవులకు కప్పులు ధరించి, పట్టీ తిరుగు వరుసలో ఎవరును నిలువకుండ చూడవలెను.

పట్టాలను రసమట్టముతో సరిచూచి, దుంగను కదలకుండ బిగించిన పిమ్మటనే కోత ప్రారంభింపవలెను. బ్రతికిన చెట్టులో వెలుపలి పొరలు నిలువున లాగబడియు, లోపలి భాగము నొక్కబడియు ఉండును. ఒక ప్రక్క చెక్కు తీయగానే ఈ తుల్యత చెడి మిగిలిన దుంగ వంగును. అందుచే ఒక ప్రక్క కోసి, దుంగను సగము త్రిప్పి, ఎదుటి ప్రక్కను కోయుదురు. కొమ్మలలో ఈ లాగుడు మరింత అసమముగా నుండును. లావైన కొమ్మ యని ఆశపడి కోసినవారికి తరచు వంకర పలకలే మిగులును.

యంత్రము చక్రములపై నడచినంత మాత్రమున అది కోతమిల్లు కాకపోదు. ఆంధ్రప్రదేశ్‌లో రంపపు మిల్లుల నియంత్రణకు 1969 నాటి నిబంధనలు కలవు. చెట్లు కొట్టుటను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము నియంత్రించును. యంత్రము కొనకముందే అటవీశాఖ కార్యాలయమున విచారించుట మేలు.

పలకలు కోయగానే పని ముగిసినదని తలచువారు చాలమంది. ఆదోని ఎండలో నష్టము అప్పుడే మొదలగును. కర్రలోని నీరు, పొడికర్ర బరువులో సుమారు 30 శాతమునకు దిగువరకు కర్ర కుంచించుకొనదు. అంతవరకు కణముల బోలులోని నీరే పోవును. ఆ పిమ్మట కణముల గోడలలోని నీరు పోవుచు, కర్ర కుంచించుకొన నారంభించును. వలయముల వెంబడి కలుగు కుదింపు, నడిమినుండి బెరడువైపు కలుగు దానికి ఇంచుమించు రెట్టింపు, పొడవున లేనట్లే. అందుకే నడిబొడ్డు గల పలక సాధారణముగా చీలును. వడగాలికి పలక పైపొర త్వరగా ఎండి కుంచించుకొనబోవును, తడిసియున్న లోపలి భాగము దానిని కుంచించుకొననీయదు, పైపొర పగులును.

కనుక పలకలను నీడలో, వడగాలి సూటిగా తగులని చోట, నేలకు మూరెడెత్తున పేర్చవలెను. వరుసల నడుమ ఒకే మందముగల బద్దలను, ఒకదానిపై నొకటి సరిగా వచ్చునట్లు ఉంచవలెను. నీరు కొనలనుండి త్వరగా పోవును గనుక కొనలకు రంగు గాని మైనము గాని పూయవలెను. నడివేసవిలో కోయుటకన్న వానలు పట్టిన తరువాత కోయుట ఇచ్చట మేలు.

పలక ఆరినదని ఎట్లు తెలియును? గాలి తేమ 65 శాతమున్న దినములలో కర్ర సుమారు 12 శాతము తేమ వద్ద, 30 శాతమునకు దిగిన దినములలో సుమారు 6 శాతము వద్ద నిలుచును. బడిలో త్రాసున్నచో ఒక పలకను వారమునకొకసారి తూచి, ఆ బరువులను గళ్ల కాగితముపై గుర్తింపవచ్చును. గీత మొదట నిటారుగా దిగి, క్రమముగా వాలు తగ్గి, చివరకు అడ్డముగా సాగును. అప్పటివరకు వడ్రంగిని పిలువ నక్కరలేదు.