బుడగ మిగిలితే ముప్పే
కార్బన్ పొరల మధ్య చిక్కిన గాలిని తరిమేయడమే కాంపోజిట్ విమానాల తయారీలో అసలు పరీక్ష

తేజస్ యుద్ధ విమానం పైపొరలో చాలా భాగం లోహం కాదు. కార్బన్ పోగులు, రెజిన్ కలిసిన కాంపోజిట్. 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి గాల్లోకి లేచిన ఈ విమాన దేహం బరువులో దాదాపు 45 శాతం ఈ పదార్థానిదే. అల్యూమినియం కన్నా తేలిక, పోగుల దిశలో ఉక్కుతో పోటీపడే బలం. కానీ దానికో శత్రువుంది. గాలి బుడగ.

భారం మోసేది పోగులే అయినా, పొరను పొరతో కట్టి ఉంచేది రెజిన్. దాని చోట ఖాళీ ఉంటే పొరలు విడిపోతాయి. బుడగలు ఒక శాతం పెరిగితే పొరల మధ్య పట్టు సుమారు 7 శాతం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అందుకే విమాన భాగాల్లో ఒకటి, రెండు శాతానికి మించి ఒప్పుకోరు.

బుడగ కథ అచ్చు దగ్గరకు రాకముందే మొదలవుతుంది. రెజిన్ పట్టించిన కార్బన్ బట్టను మైనస్ 18 డిగ్రీల చలిలో దాస్తారు. బయటకు తీశాక చల్లదనం పోకముందే కవరు విప్పితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే చెమ్మ పడుతుంది. వేడి తగలగానే అది ఆవిరై బుడగ కడుతుంది. ఇక పొరలు పేర్చేటప్పుడు చిక్కే గాలి సరేసరి. దాన్ని వదిలించడానికి కొన్ని పొరలకోసారి పైన సంచి కప్పి, వాక్యూమ్ పంపుతో లాగేస్తారు.

అసలు ఘట్టం ఆటోక్లేవ్‌ది. ఓ భారీ ప్రెషర్ కుక్కర్ అనుకోవచ్చు. సుమారు 180 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి ఆరేడు రెట్ల ఒత్తిడి. ఆ ఒత్తిడి చెమ్మను ఆవిరి కానీయదు, ఉన్న బుడగలను నలిపేస్తుంది. అయితే అదను తప్పకూడదు. వేడికి రెజిన్ ముందు పలచబడి తర్వాత గట్టిపడుతుంది. ఆలోపే ఒత్తిడి పడాలి. అలాగని రెజిన్‌ను అతిగా పిండేసినా చిక్కే. ఒత్తిడంతా పోగులే మోస్తాయి, బుడగ భద్రంగా ఉండిపోతుంది.

సరస్ విమానం రెక్క కోసం బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ మరో దారి పట్టింది. 'వెరిటీ' అనే ఆ పద్ధతిలో అచ్చుపై పొడి బట్ట పరిచి, వాక్యూమ్‌తో రెజిన్‌ను లోపలికి లాగుతారు. ఇలాంటి పద్ధతిలో రెజిన్‌లో కరిగిన గాలిని ముందే వదిలించాలి. సంచికి సూదిమొనంత చిల్లున్నా శ్రమంతా వృథా.

చివరికి అల్ట్రాసోనిక్ తరంగాలతో తనిఖీ. బుడగలున్న చోట ధ్వని బలహీనపడి గుట్టు చెప్పేస్తుంది. కానీ అప్పటికే రెజిన్ గట్టిపడి ఉంటుంది. కరిగించి మళ్లీ పోత పోయడానికి అది లోహం కాదు మరి.