సున్నా దగ్గర సున్నా రాలేదు

మినీ ప్రాజెక్టులో మా పని సింపుల్. మెత్తటి సిలికోన్ అర్ధగోళాన్ని గాజు పలకకి నొక్కి, లోడ్ మారుస్తూ, అది గాజుని తాకిన వృత్తాన్ని మైక్రోస్కోపులో కొలవాలి. 1882 నాటి హెర్ట్జ్ సూత్రం ప్రకారం లోడ్ సున్నా అయితే వృత్తమూ సున్నా అవ్వాలి. మాకు అవ్వలేదు. లోడ్ మొత్తం తీసేసినా మచ్చ అలాగే ఉంది.

"రీడింగ్ తప్పురా, దిద్దేద్దాం" అన్నాడు పార్ట్‌నర్. మర్నాడే రికార్డు సబ్మిషన్. నిజం చెప్పొద్దూ, నేను రబ్బరు కూడా తీశాను.

చెరిపేసుంటే అసలు విషయమే పోయేది. హెర్ట్జ్ లెక్కలో ఉపరితలాల మధ్య ఆకర్షణ లేదు. 1971లో జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ దాన్ని కలిపారు. రెండూ అంటుకుంటే ఉపరితల శక్తి తగ్గుతుంది. కానీ అంటుకోవాలంటే మెత్తది సాగాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఈ రెండూ సరితూగిన చోట వృత్తం ఆగుతుంది. ఊడదీయాలంటే 1.5πWR బలంతో లాగాలి. W అతుకు శక్తి, R వ్యాసార్థం. మెత్తదనం ఇందులో లేనే లేదు!

మరి గాజు గోళీ గాజుకి అంటుకోదేం? గరుకుదనం వల్ల. గట్టిది కొన్ని మిట్టల మీదే నిలబడుతుంది, మెత్తది పల్లాల్లోకీ దిగుతుంది. దానికీ హద్దుంది. మైక్రోమీటరు స్థాయి గరుకు చాలు, రబ్బరు పట్టు కూడా దాదాపు పోతుందని 1975లో ఫుల్లర్, టేబర్ చూపించారు.

ఆ అంకెని రికార్డులో అలాగే ఉంచాం. మీ గ్రాఫు కూడా సున్నా గుండా పోనంటే, రబ్బరు తీసేముందు ఒక్క నిమిషం ఆగండి.