ఈ కార్డు ఏ మెడికల్ షాపులో చెల్లుతుంది?

దుబాయిలో పద్దెనిమిదేళ్లు పనిచేసి పూర్తిగా ఊరికి వచ్చేసిన ఒకాయన పోయిన సంవత్సరం తనకల్లు బస్టాండు దగ్గర మందుల షాపుకు వెళ్లి, బీపీ మాత్రల చీటీతో పాటు ఇంట్లో ఉన్న ఆరోగ్యశ్రీ కార్డు కూడా కౌంటరు మీద పెట్టాడు. షాపు కుర్రవాడు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఈడ చెల్లదు చాచా, డబ్బులియ్యాల" అన్నాడు. "మరి యాడ చెల్తాదో చెప్పు, ఆడికే పోతా" అన్నాడీయన. కుర్రవాడి దగ్గర జవాబు లేదు. సాయంత్రం ఆయన మా దగ్గరికి వచ్చి అదే ప్రశ్న అడిగితే, నిజం చెప్పాలంటే మా దగ్గర కూడా వెంటనే జవాబు లేకపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న మేము, మన సంఘం వైద్య సహాయ నిధి అర్జీలు చూస్తున్న మేము, కార్డు ఎక్కడ చెల్లుతుందో సరిగా తెలుసుకోలేదన్నమాట. ఆ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాము. నిధికి సొమ్ము ఇచ్చేవారు మీరే కనుక, ఆ సొమ్ము ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం అన్నది మీకూ తెలియాలి.

ఆయన ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. దుబాయిలో 2014 నుంచి దశలవారీగా ఆరోగ్య బీమాను తప్పనిసరి చేశారు. అక్కడ బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న మందుల షాపులో కార్డు చూపిస్తే మన వాటా కొంత కట్టి మందులు తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఇంతే. ఏ షాపు తమ ప్లానులో ఉందో, తమ మందు కంపెనీ జాబితాలో ఉందో లేదో చూసుకుని వెళతారు. జాబితాలో లేని షాపుకు వెళితే పూర్తి ధర పడుతుంది. అక్కడ బీమా మందుల షాపు దాకా వస్తుంది.

మన దగ్గర బీమా ఆసుపత్రి మంచానికి కట్టి ఉంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలిగా ఎంచుకున్న మూడు జిల్లాలలో మన అప్పటి అనంతపురం ఒకటి. మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పథకం పేరు మధ్యలో ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీగానే నిలిచిపోయింది. మేమూ అలాగే రాస్తున్నాము. పేరు ఏదైనా, అది ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో జాబితాలోని చికిత్సకు నగదు లేకుండా సేవ అందించే పథకం. వీధిలోని మందుల షాపుకు దానితో ఒప్పందం లేదు. కాబట్టి తనకల్లులోనే కాదు, కదిరిలో వెతికినా, మదనపల్లెలో వెతికినా ఆయన అడిగిన షాపు దొరకదు.

అంతమాత్రాన కార్డులో మందులు లేవనుకోకూడదు. మేము పొరబడింది సరిగ్గా అక్కడే.

రెండేళ్ల కిందట మన మండలంలోని ఒక ఖాలాకు గుండెలో స్టెంటు వేశారు. కార్డు మీదే వేశారు, ఆపరేషనుకు పైసా కట్టలేదు. ఇంటికి వచ్చాక నెలనెలా మందులకు ఆమె కొడుకు మన నిధికి అర్జీ పెట్టాడు. నాలుగు నెలలు మేము బిల్లులు చెల్లించాము. ఐదో నెల అర్జీ చూస్తూ డిశ్చార్జి కాగితాలు తెమ్మన్నాము. అందులో తిరిగి చూపించుకోవలసిన తేదీలు రాసి ఉన్నాయి. కొడుకు వాటిని చదవలేదు, మేమూ అంతకుముందు అడగలేదు. స్టెంటు వంటి కొన్ని చికిత్సలకు ఈ పథకంలో ఏడాది పాటు తదుపరి సేవల ప్యాకేజీ ఉంటుంది. డాక్టరు చూడటం, పరీక్షలు, మందులు అన్నీ అందులోనే ఉంటాయి. అవి విడతలవారీగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే ఇవ్వాలి. ఖాలాను ఆ ఆసుపత్రికి తీసుకువెళితే, మొదటి విడతలు పోయాయి గాని మిగిలిన నెలల మందులు ఇచ్చారు. ఆ నాలుగు నెలల సొమ్ముతో కార్డే లేని మరొకరికి సాయం చేసి ఉండవచ్చు. ఆ బాధ్యత మాదే, రాసుకోక తప్పదు.

కాబట్టి కార్డు మీద దొరికే మందులు మూడు వేళల్లో దొరుకుతాయి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు బయటి నుంచి మందు కొనుక్కురమ్మని చీటీ ఇవ్వకూడదు, అది ప్యాకేజీలో భాగం. డిశ్చార్జి అయ్యేటప్పుడు పది రోజుల మందులు చేతికి ఇవ్వాలి. ఆ తరువాత, చికిత్స జాబితాలో ఉంటే, ఏడాది పాటు తదుపరి మందులు. చాలామంది రోగులు ఆ పది రోజుల మందుల సంగతి తెలియక, ఇంటికి వచ్చే తొందరలో అడగకుండా బస్సెక్కేస్తారు. ప్రతి ఒప్పంద ఆసుపత్రిలోనూ ఒక బల్ల వేసుకుని మిత్ర అనే ఉద్యోగి కూర్చుని ఉంటారు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట కలవవలసింది ఆయననే, బయటికి వచ్చే ముందు చివరగా కలవవలసిందీ ఆయననే. ఎవరైనా డబ్బులడిగినా, మందులు బయట కొనమన్నా అక్కడి నుంచే 104కు ఫోను చేయవచ్చు. ఏ ఆసుపత్రి ఏ జబ్బుకు ఒప్పందంలో ఉందో కూడా ఆ నంబరులోనే చెబుతారు. బయలుదేరే ముందే అడగడం మంచిది, ఎందుకంటే ఒక ఆసుపత్రి గుండెకు ఉండి ఎముకలకు లేకపోవచ్చు. మనవాళ్లకు బెంగళూరు అలవాటు. 2019 నవంబరు 1 నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాదులలోని కొన్ని ఆసుపత్రులలో కొన్ని చికిత్సలకు ఈ పథకాన్ని విస్తరించారు. అయితే ఆ "కొన్ని" అన్న మాటను గట్టిగా గుర్తుంచుకోవాలి. పైగా 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా ఖర్చును బీమా కంపెనీల ద్వారా, ఆపై 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా భరించే కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది. పద్ధతి మారేటప్పుడు పాత సమాచారంతో బయలుదేరకూడదు.

ఈ సందర్భంలో పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలోని సత్యసాయి ఆసుపత్రి మాట చెప్పకపోతే లోటే. 1991 నవంబరు 22 నుంచి అక్కడ చికిత్సకు డబ్బు తీసుకోరు. కులం మతం అడగరు. మన జిల్లాలోనే ఉండి కూడా కార్డు గొడవలో పడి దాన్ని మరిచిపోయేవారున్నారు.

ఇక డబ్బు కట్టి తీసుకున్న ప్రైవేటు పాలసీలు. ఇవి కూడా మామూలుగా ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తాయి. చాలా పాలసీలలో చేరడానికి ముందు 30 రోజులు, బయటికి వచ్చాక 60 రోజులు అదే జబ్బుకు కొన్న మందుల ఖర్చు తిరిగి ఇస్తారు. కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ రోజులు ఉంటాయి. షాపు ఏదైనా ఫరవాలేదు, లైసెన్సు ఉన్నదైతే చాలు. చూసుకోవలసింది బిల్లు. మా ఇంట్లోనే జరిగింది చెబుతాము. మా ఇంటావిడ పిత్తాశయం ఆపరేషను తరువాత కొన్న మందుల బిల్లులన్నీ జాగ్రత్తగా దాచి పంపాము. కంపెనీ సగం తిప్పిపంపింది. కొన్నింటిపై రోగి పేరు లేదు, కొన్నింటికి డాక్టరు చీటీ జతలేదు, రెండు మామూలు తెల్లకాగితం మీద రాసిచ్చినవి. పిల్లల జవాబుపత్రాలలో హాల్‌టికెట్ నంబరు లేకపోతే మేమేం చేస్తామో మాకూ అదే జరిగింది. అప్పటి నుంచి షాపులో నిలబడి "పేరు రాయి, తేదీ రాయి, డాక్టరు పేరు రాయి" అని అడిగి మరీ రాయించుకుంటున్నాము. ఈమధ్య కొన్ని పాలసీలలో బయటిరోగి ఖర్చులకు కూడా కొంత సొమ్ము కేటాయిస్తున్నారు. వాటికే, దుబాయి పద్ధతిలో, ఒప్పందం ఉన్న మందుల షాపులు ఉంటాయి. అవి చాలావరకు పెద్ద ఊళ్లలోని గొలుసు దుకాణాలు. ప్రీమియం కట్టే ముందే మన దగ్గరలో అటువంటి షాపు ఉందా అని ఏజెంటును అడగాలి. లేకపోతే ఆ అదనపు ప్రీమియం దండగ.

హిందూపురం, పెనుకొండ వైపు ఫ్యాక్టరీలలో పనిచేసే మన పిల్లల సంగతి వేరు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి, చట్టం వర్తించే ఫ్యాక్టరీ అయితే, ఈఎస్ఐ కోత ఉంటుంది. ఉద్యోగి వాటా నూటికి ముప్పావలా, అంటే 75 పైసలు. యజమాని వాటా మూడుంబావు రూపాయలు. మన దేశంలో మామూలు జ్వరం మాత్రలు కూడా ఉచితంగా ఇచ్చే బీమా ఇదే, కాకపోతే షాపులో కాదు, ఈఎస్ఐ డిస్పెన్సరీలో. ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. కొడుకు జీతంలో నెలనెలా కోత పడుతుంటే, ఇక్కడ తల్లి షుగరు మాత్రల కోసం మనకు అర్జీ పెట్టిన ఉదాహరణలు మా ఫైలులోనే ఉన్నాయి. కొడుకు జీతం చీటీ చూడకపోవడం ఇక్కడ కూడా మా పొరపాటే.

మిగిలింది అసలు ప్రశ్న. ఆసుపత్రిలో చేరనక్కరలేని బీపీ, షుగరు. ప్రతి ఇంట్లోనూ నెలనెలా తినేది వీటి ఖర్చే. వీటికి ఏ కార్డూ షాపులో చెల్లదు. రెండు దారులున్నాయి. ఒకటి మన ప్రభుత్వ ఆసుపత్రి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ వంటి మామూలు మందులు అక్కడ ఉచితం. చీటీ రాయించుకుని పేరు నమోదు చేయించుకుంటే చాలు. రెండోది జన ఔషధి దుకాణం. 2008లో మొదలైన ఈ కేంద్ర పథకం కింద దేశంలో ఇప్పుడు పదిహేను వేలకు పైగా దుకాణాలున్నాయి. బ్రాండు మందులతో పోలిస్తే ధర నూటికి 50 నుంచి 90 దాకా తక్కువ. దగ్గరలోని దుకాణం ఎక్కడుందో, మన మందు ధరెంతో "జన ఔషధి సుగమ్" అనే యాప్‌లో చూడవచ్చు. అక్కడ బ్రాండు పేరు చెబితే కుదరదు, చీటీలో మందు అసలు పేరు ఉండాలి. డాక్టరును రాయమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

"తక్కువ ధరది పనిచేయదు సార్" అనే మాట మాకు రోజూ వినబడుతుంది. ఆ మందుల ప్రతి బ్యాచినీ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాకే దుకాణాలకు పంపుతారు. పాత అట్ట వేసిన పాఠ్యపుస్తకంలో పాఠం మారదు కదా. అయితే మూర్ఛకు, థైరాయిడ్‌కు వాడే మందులను మాత్రం డాక్టరును అడగకుండా సొంతంగా మార్చుకోకూడదు.

ఇవన్నీ తెలిశాక మన సంఘం అర్జీ ఫారంలో మార్పు చేశాము. ఇప్పుడు డిశ్చార్జి కాగితం, ఇంట్లో పనిచేసేవారి జీతం చీటీ, మందు అసలు పేరున్న చీటీ జతపరచాలి. జతపరచలేనివారిని తిప్పిపంపము. మాలో ఒకరు వెంట వెళ్లి తెప్పిస్తారు. ఇక్కడే మాకు కొరత ఉంది. అనంతపురం ఆసుపత్రిలో ఒక పూట నిలబడి మిత్రతో మాట్లాడగల మనిషి కావాలి. విరాళం ఇస్తున్నవారిలో రిటైరైనవారు, చదువుకున్న కోడళ్లు, సెలవుల్లో ఇంటికొచ్చే కాలేజీ పిల్లలు నెలకు ఒక రోజు ఇవ్వగలిగితే పేరు నమోదు చేయించుకోండి.

దుబాయి నుంచి వచ్చినాయనకు మూడు మాత్రలలో రెండు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతున్నాయి. మూడోది జన ఔషధిలో రెండు నెలలకు ఒకసారి తెచ్చుకుంటున్నాడు. పోయిన వారం షాపు కుర్రవాడి తండ్రిని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, పది రోజుల మందులు అడిగి తీసుకోమని వాడికి చెప్పింది ఆయనే.